అద్దె అని ఉన్నచోటల్లా

ఆ రోజు పొద్దున్నే కార్యదర్శి గారు వంటగదిలో గడ్డం గీసుకుంటూ, చేయవలసిన పనులన్నీ మనసులో వరసపెట్టుకుంటున్నాడు. అద్దాల మేస్త్రి పదింటికి వస్తాడు. దాతల నిధి నుంచి పరిశీలకురాలు పదకొండింటికి వస్తుంది. ఆలోగా మెట్లు కడిగించాలి, రిజిస్టరు దుమ్ము దులిపి బల్ల మీద పెట్టాలి, టీ పురమాయించాలి. అన్నీ అనుకున్నట్టు జరుగుతాయని ఆయనకు గట్టి నమ్మకం. ఎందుకంటే అన్నిటి గురించీ ముందే నోటీసులు అంటించేశాడు.

గడ్డం వంటగదిలో ఎందుకంటే, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క అద్దం ముందుగదిలో ఉంది. ముందుగదిలో నాలుగేళ్లుగా వదిన గారు, అంటే ఆయన భార్యకు అక్కగారు, ఇద్దరు ఆడపిల్లలతో, ఒక కుట్టుమిషనుతో ఉంటోంది. బట్టలు కుట్టించుకునేవాళ్లు తెల్లారకముందే వచ్చి ఆ అద్దం ముందు నిలబడి ముందుకీ వెనక్కీ తిరిగి చూసుకుంటుంటారు. అంచేత ఆయన స్టీలు గిన్నె మూతలో మొహం చూసుకుంటాడు. మూత ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి అందులో ముక్కు ఒక్కటే కనిపిస్తుంది. మిగతా మొహమంతా అంచనా మీద గీసుకోవడమే.

"అక్కయ్యది పదిహేడో నంబరే కదండీ? ముప్ఫై ఇళ్లు కడితే దానికి వచ్చినట్టే కదా?" అంది భార్య, పాలు పొంగకుండా ఒక కంటా, మొగుడి గొంతు తెగకుండా ఒక కంటా కాపు కాస్తూ.

"కడితే వచ్చినట్టే. కట్టాలంటే నిధి వాళ్లు ఊ అనాలి. ఊ అనాలంటే ఇవాళ వచ్చే ఆవిడకి అన్నీ నచ్చాలి."

"నచ్చుతాయా?"

"ఎందుకు నచ్చవు? ఎక్కడ ఏం చెయ్యాలో గోడగోడకీ రాసి పెట్టాను."

"అదే నా భయం కూడా," అంది భార్య.

ఆయన పనిచేసేది లాభాపేక్ష లేని ఒక గృహసంఘంలో. పాడుబడిన నూలు మిల్లు గోదామును ఆ సంఘం కొని, అడ్డగోడలు కట్టి, నాలుగు అంతస్తుల్లో నలభై ఇళ్లు చేసి, చిన్న జీతాల వాళ్లకు తక్కువ అద్దెకు ఇచ్చింది. చుట్టుపక్కల వీధుల్లో అద్దెలు ఏడాదికో మెట్టు ఎక్కుతుంటే, ఆ ఒక్క భవనంలో మాత్రం కిందిమెట్టు మీదే కూర్చున్నాయి. ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలో ఇంకో ముప్ఫై ఇళ్లు కట్టాలని ఎప్పటినుంచో అనుకుంటున్నారు. వాటికోసం కాచుకుని ఉన్నవాళ్ల జాబితా కార్యదర్శి బీరువాలో ఉంది. అందులో పదిహేడో పేరు వదిన గారిది. భర్త చనిపోయిన ఏడాదే ఆవిడ పేరు రాయించుకుంది. పదిహేడును ఏడు చేయడం ఆయనకు ఒక్క అంకె చెరిపినంత పని. ఆయన చెరపలేదు. అది మంచితనమో చేతగానితనమో ఆ ఇంట్లో నాలుగేళ్లుగా తేలలేదు. వదిన గారు మాత్రం ఒక్కనాడూ ఆ ఊసెత్తలేదు. ఎత్తి ఉంటే ఆయనకు అంత బాధ ఉండేది కాదు.

ఇక నోటీసుల సంగతి. నోటితో నలుగురికి ఒక మాట చెప్పాలంటే ఆయనకు చెమటలు పడతాయి. కాగితం మీదైతే తిరుగులేదు. భవనంలో "మెట్ల మీద కూర్చోరాదు" అని ఒక నోటీసు, దాని కిందనే "పై నోటీసుకు ఆనుకొని నిలబడరాదు" అని ఇంకో నోటీసు ఉన్నాయి. ఇంట్లో కూడా కుళాయి దగ్గర "గట్టిగా కట్టవలెను" అని ఆయన అంటిస్తే, దాని కింద భార్య పెన్సిలుతో "ముందు బాగుచేయించవలెను" అని రాసింది. భవనంలో అందరూ ఆయన్ని చాటుగా నోటీసాయన అంటారు.

నిధి వాళ్లు రెండు షరతులు పెట్టారు. ఉన్న భవనాన్ని సరిగా చూసుకోవాలి, నిర్ణయాల్లో అద్దెకున్నవాళ్లకు భాగం ఉండాలి. మొదటిది తేలికే. గాలివానకు సగం, పిల్లల బంతులకు సగం పగిలిన కిటికీ అద్దాలను మార్పిస్తే సరిపోతుంది. రెండోదే చిక్కు. నెలనెలా నివాసుల సమావేశానికి ఆయన నోటీసు అంటిస్తాడు, నెలనెలా ముగ్గురే వస్తారు. ఒకరు ఆయన, ఇంకొకరు ఆఫీసు టైపిస్టు, మూడో మనిషి రెండో అంతస్తులో ఉండే ప్రూఫుల తాతయ్య. ఆ పెద్దాయన నలభై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దాడు. సమావేశానికి వచ్చేది మాట్లాడడానికి కాదు, రిజిస్టరులో తప్పులు దిద్దడానికి.

బయల్దేరుతూ ఆయన జేబు తడుముకున్నాడు. కళ్లద్దాలు లేవు. నిన్నటి నుంచీ అవి వదిన గారి మిషను మీదే ఉన్నాయి. సూదిలో దారం ఎక్కించడానికి ఆవిడ అప్పుడప్పుడూ తీసుకుంటుంది. అడిగితే ఆవిడ నొచ్చుకుంటుందేమోనని నిన్నా అడగలేదు, ఇవాళా అడగలేదు. చూపు దూరానికి బాగానే ఆనుతుంది కదా అని సర్దిచెప్పుకుని మెట్లు దిగాడు.

అదే వీధిలో ఉన్న భవనం గేటు దగ్గర బల్ల వేసుకుని ఉండే ఇస్త్రీ ఆయన రోజూ "నమస్కారం సార్" అంటాడు. ఇవాళ పెట్టెను బల్ల మీద ఠప్పుమని దించి, మొహం తిప్పుకున్నాడు. మెట్ల మీద, కూర్చోరాదన్న నోటీసు కిందనే, పదిమంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. అందరికంటే పైమెట్టు మీద మూడో అంతస్తు కండక్టరమ్మ ఉంది. కిక్కిరిసిన బస్సులో ఈ చివరి నుంచి ఆ చివరికి వినిపించే గొంతు ఆవిడది.

"ఏం సార్, పిల్లల్ని దూరంగా ఉంచమన్నారు. ఎంత దూరం ఉంచాలి?"

జనం నోటీసు చదివి ఇంత శ్రద్ధగా అడగడం ఆయనకు అదే మొదటిసారి. మనసు పొంగిపోయింది.

"ఒక పది అడుగులు చాలమ్మా. కొట్టేటప్పుడు ముక్కలు ఎగిరి మీద పడతాయేమోనని."

"కొట్టేటప్పుడా?"

"కొట్టకుండా ఎలా వస్తాయమ్మా! గట్టిగా బిగిసిపోయి ఉంటే రెండు దెబ్బలు వెయ్యాల్సిందే."

కండక్టరమ్మ మిగతావాళ్ల వంక చూసింది. "మేస్త్రి ఒక్కడే వస్తాడా?"

"లేదు లేదు, ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకొస్తాడు. బరువైన పని కదా."

"మేం తలుపు తియ్యకపోతే?"

"పరవాలేదమ్మా, కిటికీలోంచి వచ్చి పని కానిచ్చేస్తాడు. మంచి అనుభవం ఉన్నవాడు," అని భరోసా ఇచ్చి ఆయన హుషారుగా లోపలికి నడిచాడు. వెనక ఎవరో "అమ్మో" అనడం వినిపించింది గానీ, మోకాళ్ల నొప్పులై ఉంటాయనుకున్నాడు.

నోటీసు బోర్డు ముందు ప్రూఫుల తాతయ్య చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వాళ్లిద్దరికీ రెండు నెలలుగా మాటల్లేవు. ప్రతి నోటీసునూ అంటించకముందు తనకు చూపించమని తాతయ్య అడగడం, అంటించిన ప్రతిదాన్నీ ఎర్ర పెన్సిలుతో దిద్దిపారేయడం పడలేక, కార్యదర్శి "నోటీసులపై ఎర్ర పెన్సిలు వాడరాదు" అని ఒక నోటీసు పెట్టాడు. అందులో కూడా ఒక తప్పు ఉంది. తాతయ్య దాన్ని దిద్దలేదు. అలిగాడు.

"ఏం మాస్టారూ, నోటీసు బాగుందా?" అన్నాడు కార్యదర్శి, ఆ ఉత్సాహంలో అలక సంగతి మరిచిపోయి.

"దివ్యంగా ఉంది. చదవమంటారా?" అని తాతయ్య గొంతు సవరించుకున్నాడు. "నివాసులకు తెలియజేయునది. రేపు ఐదో తేదీన అన్ని ఇళ్లలోనూ అద్దెలు మార్చబడును. కొత్త అద్దెలు పాతవాటికి రెండింతలు ఉండును. మేస్త్రి వచ్చినపుడు తలుపు తీయవలెను. పిల్లలను దూరముగా ఉంచవలెను. ఇట్లు, కార్యదర్శి."

కార్యదర్శి బోర్డుకు ముక్కు ఆనించాడు. అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించాయి. వెనక్కి రెండడుగులు వేసి చూశాడు. అప్పుడు కనిపించింది.

"దీర్ఘం పోయి ఎత్వం వచ్చిందండీ," అన్నాడు తాతయ్య ప్రశాంతంగా. "ఒక్క గుణింతమే. నేను ఎర్ర పెన్సిలు వాడకూడదు కదా."

ఆయన ఆఫీసు గదిలోకి పరిగెత్తాడు.

"ఏమ్మా! నేను చెప్పింది అద్దాలు!"

"అద్దాలే కొడదామనుకున్నాను సార్," అంది టైపిస్టు. "ఆరేళ్లుగా పొద్దస్తమానం అద్దె, అద్దె అని కొట్టి కొట్టి వేళ్లు అటే పోయాయి. అయినా మీకు చూపించాను కదా సార్. చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూసి, బాగుంది, అంటించెయ్యి అన్నారు."

"రెండింతల మందం అన్నాను. ఆ మందం ఏమైంది?"

"అది రెండో వరసలోకి పోతోందని తీసేశాను సార్. ఒక వాక్యం ఒక వరస దాటరాదని మీ నోటీసే ఉంది," అని ఆ పిల్ల వెనక గోడ వైపు వేలు చూపించింది. ఉంది.

ఇంతలో గేటు దగ్గర గోల వినిపించింది. పగిలిన కిటికీలోంచి చూస్తే అద్దాల మేస్త్రి. ఎప్పుడూ చెప్పిన టైముకి రాని మనిషి, ఇవాళ అరగంట ముందే వచ్చాడు. చేతిలో సుత్తి ఉంది. వెనక ఇద్దరు మనుషులు అద్దాల పెట్టె మోసుకొస్తున్నారు.

"నువ్వేనా మేస్త్రివి?" కండక్టరమ్మ దారికి అడ్డంగా నిలబడింది.

"నేనేనమ్మా."

"రెండింతలు చేసేది నువ్వేనా?"

"రెండింతలు ఉంటేనే మంచిదమ్మా. పాతవి మరీ పల్చన. ఈ కాలంలో అవి ఎక్కడా నడవట్లేదు. కొత్తవి పడ్డాయంటే మీరు ఇరవై ఏళ్లు గుర్తుపెట్టుకుంటారు."

"అసలు మేం ఒప్పుకోం అంటే?"

"ఒప్పుకోకపోవడమేంటమ్మా, కార్యదర్శి గారు అన్నీ మాట్లాడేశారు. ఇంటికి పావుగంట. ముందు ముసలివాళ్లుండే ఇళ్ల నుంచి మొదలెట్టమన్నారు."

ఆ ఒక్క మాటా అనకుండా ఉంటే ఏమయ్యేదో. చలిగాలి తగలకుండా ముసలివాళ్ల ఇళ్లు ముందు చూడమని కార్యదర్శే దయతలచి చెప్పాడు. మరుక్షణం ఇస్త్రీ ఆయన మేస్త్రి జబ్బ పట్టుకున్నాడు, కండక్టరమ్మ సుత్తి లాక్కుంది, అందరూ కలిసి అతన్ని గేటు పక్కనున్న నీళ్ల మోటారు గదిలోకి నెట్టి గడియ పెట్టారు. మేస్త్రి వెంట వచ్చిన ఇద్దరూ అద్దాల పెట్టెను జాగ్రత్తగా గోడకు ఆనించి, తమను ఎవరూ పట్టుకోకముందే మాయమయ్యారు.

ఇంకొకరైతే ఆ క్షణాన గేటు దగ్గరకు పరిగెత్తి, నోరు విప్పి నాలుగు ముక్కలు చెప్పేవారు. అంతటితో తీరిపోయేది. కార్యదర్శి కాళ్లు అటు కదలలేదు. ఆయన చెయ్యి కాగితం అందుకుంది.

ఈసారి ప్రతి అక్షరం టైపిస్టు చేత పైకి చదివించుకున్నాడు, గుణింతాలతో సహా. "సవరణ. ఈ బోర్డులో అద్దె అని ఉన్నచోటల్లా అద్దం అని చదువుకొనవలెను. ఇట్లు, కార్యదర్శి." అచ్చుతప్పు ఒక్కటీ లేదు. టైపిస్టు వెళ్లి బోర్డు మధ్యలో అంటించి వచ్చింది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే జరిగింది. ఆ బోర్డులో ఉన్నది నిన్నటి నోటీసు ఒక్కటే కాదు. దాని పక్కనే, భవనం మొదలైన రోజు నుంచీ ఉన్న నిబంధనల కాగితం కూడా ఉంది. ప్రూఫుల తాతయ్య కొత్త నోటీసు చదివాడు, పాత కాగితం చదివాడు, మళ్లీ కొత్తది చదివాడు. రెండు నెలల తరవాత ఆయన మొహంలో వెలుగొచ్చింది.

"అమ్మా, అందరూ ఇలా రండి. అద్దెలు పెరగలేదు. మారేవి కిటికీ అద్దాలు. తప్పు అచ్చుది," అన్నాడు. మెట్ల మీద ఒక్కసారిగా ఊపిరులు వదిలిన చప్పుడైంది. ఒకావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇస్త్రీ ఆయన గోడకు చేరగిలబడ్డాడు. రాత్రంతా ఆ భవనంలో ఎవరికీ సరిగా నిద్రలేదు మరి.

"అయితే," అన్నాడు తాతయ్య చెయ్యెత్తి, "కార్యదర్శి గారు ఉన్నచోటల్లా అన్నారు. చోటల్లా అంటే చోటల్లానే. నిబంధన ఒకటి. ప్రతి నెలా ఐదో తేదీన ప్రతి ఇంటివారూ అద్దం తెచ్చి కార్యాలయంలో అప్పగించి రసీదు పొందవలెను. నిబంధన రెండు. అద్దం అప్పగించి రసీదు పొందినవారే సమావేశంలో మాట్లాడుటకు అర్హులు. ఇవాళ తేదీ ఎంత?"

"ఐదు!" అన్నారు అందరూ.

రాత్రంతా భయపడ్డ మనుషులకు పొద్దున్నే ఆ భయం తీరితే, ఆ మిగిలిన ఊపు ఎటు పోవాలి? అందరూ మెట్లెక్కి ఇళ్లలోకి పరిగెత్తారు.

పావుగంటలో ఆఫీసు ముందు వరస కట్టారు. ఒకాయన గడ్డం గీసుకునే అద్దం తెచ్చాడు. కండక్టరమ్మ గోడ నుంచి గుండ్రటి అద్దం మేకుతో సహా పీక్కొచ్చింది. ఇస్త్రీ ఆయన మోటారు సైకిలు అద్దం విప్పుకొచ్చాడు, దానికి జతది సాయంత్రం ఇస్తానన్నాడు. నాలుగో అంతస్తు దంపతులు బీరువా తలుపే ఊడదీసి, చెరో పక్కా పట్టుకుని మెట్లు దిగుతున్నారు. తాతయ్య తన భూతద్దం తెచ్చి, అందులోంచే రసీదు చదువుకుని, ఒక సున్నా తక్కువైందని తిప్పి పంపాడు. టైపిస్టు తల ఎత్తకుండా రసీదులు రాస్తోంది. "ఒక అద్దం ముట్టినది. ఒక అద్దం ముట్టినది."

"ఏం చేస్తున్నావమ్మా!" కార్యదర్శి గొంతు కీచుమంది.

"మీ నోటీసు ప్రకారమే సార్."

మోటారు గది తలుపు దబదబమంది. "బాబూ, నన్నెందుకు పెట్టారో చెప్పి పెట్టండి!" అని మేస్త్రి లోపలి నుంచి మొత్తుకుంటున్నాడు. ఆ గోలలో ఎవరూ పట్టించుకోలేదు.

సరిగ్గా పదకొండింటికి పరిశీలకురాలు గేటులో అడుగుపెట్టింది. మెట్ల మీద నుంచి అచ్చం తనలాంటి ఆవిడే, అలాంటి సంచీతోనే, తన మీదికి దిగి వస్తుంటే ఆగిపోయింది. బీరువా తలుపు పక్కకి తప్పుకున్నాక, దాని వెనకనుంచి చెమటలు కక్కుతున్న కార్యదర్శి బయటపడ్డాడు.

"ఏమిటండీ ఇవన్నీ?"

"అద్దెలండీ," అన్నాడాయన. "అంటే, అద్దాలు. అద్దెలకి బదులు. కాదు, అద్దాలకి బదులు అద్దెలు పడ్డాయి. అందుకని వీళ్లు..."

"ఆ తలుపు కొడుతున్నది ఎవరు?"

"మేస్త్రి అండీ."

"మేస్త్రిని గదిలో పెట్టి గడియ వేశారా?"

ఆవిడ ఇంకేమీ అడగకుండా లోపలికి వచ్చి, బల్ల మీది అద్దాలు జరిపి, వాటి కింద ఉన్న రిజిస్టరు బయటికి తీసింది. ఒక్కో పేజీ తిప్పి చూసింది.

"ఈ ఏడాదిలో పదకొండు సమావేశాలు. ప్రతిదానికీ ముగ్గురే. అందులో ఒకాయన సంతకం కింద 'తప్పులు దిద్దబడినవి' అని తప్ప ఏమీ లేదు." ఆవిడ రిజిస్టరు మూసింది. "మీరు పంపిన నకళ్లు ముందే చూశాను. నలభై ఇళ్లలో ముగ్గురితో నడిచే సంఘానికి రెండో భవనం ఇవ్వడం కుదరదని నివేదిక రాసుకునే వచ్చాను. ఊరికే ఒకసారి చూసి పోదామని."

ముప్ఫై ఇళ్లూ కార్యదర్శి కళ్లముందే ఒక్కొక్కటిగా కూలిపోయాయి. పదిహేడోది కూలినప్పుడు చప్పుడు ఎక్కువగా వినిపించింది. ఆయన చెయ్యి అలవాటు ప్రకారం తెల్లకాగితం కోసం బల్లంతా తడిమింది. "తప్పుగా భావించరాదు" అని రాద్దామా, "మరియొక అవకాశం ఇవ్వవలెను" అని రాద్దామా?

"మరిది గారూ!"

వరసలో వదిన గారు నిలబడి ఉంది. ఒక చేతిలో ఆయన కళ్లద్దాలు, ఇంకో చేతిలో రసీదు.

"మీ అద్దాలు మరిచిపోయారని చెల్లెలు పంపింది. లోపలికి రాబోతే వరసలో రమ్మన్నారు. ఏం తెచ్చారని ఈ అమ్మాయి అడిగింది, అద్దాలన్నాను. రసీదు ఇచ్చింది," అని ఆవిడ బల్ల మీది అద్దాల గుట్టనూ, ఆయన మొహాన్నీ, చేతిలో కాగితాన్నీ మార్చి మార్చి చూసింది. విషయమంతా ఆవిడకు తెలియదు. తెలియవలసింది మాత్రం తెలిసిపోయింది. "ఇప్పుడు కూడా నోటీసేనా? నోరు విప్పండి మరిది గారూ. వీళ్లేం పులులు కారు."

ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నాడు. బల్ల చుట్టూ దగ్గరగా మూగిన మొహాలు స్పష్టంగా కనిపించాయి. ఆ పొద్దు మొదటిసారి వాటిలో నిద్రలేని కళ్లు కూడా కనిపించాయి. ఆయనకు నిజంగా సిగ్గేసింది.

"తప్పు నాది," అన్నాడు. చేతిలో కాగితం బల్ల మీద పెట్టేశాడు. "అద్దాలు లేకుండా చదివి, బాగుందన్నాను. రాత్రంతా మిమ్మల్నందర్నీ భయపెట్టాను. పొద్దున గేటు దగ్గరే చెప్పి ఉండాల్సింది. చెప్పడం చేతకాక మళ్లీ కాగితం అంటించాను. క్షమించండి."

తరవాత పరిశీలకురాలి వైపు తిరిగాడు. "మీరు రాసుకొచ్చింది నిజమే మేడం. ముగ్గురమే ఉండేవాళ్లం. కానీ బీరువాలో జాబితా ఉంది. అందులో ఉన్నవాళ్లెవరూ ఈ అచ్చుతప్పు చెయ్యలేదు. నా మీద కోపం వాళ్ల మీద చూపించకండి. అందులో పదిహేడో నంబరు ఈవిడది. మా వదిన గారు. అది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను."

వదిన గారు తల దించుకుంది. మోటారు గది తలుపు కూడా కాసేపు ఊరుకుంది.

"ఇంతేనా సార్?" అంది కండక్టరమ్మ చివరికి. ఈసారి గొంతు బస్సులోది కాదు. "ఈ నాలుగు ముక్కలూ పొద్దున నోటితో చెప్పుంటే, నా గోడకి మేకు మిగిలేది కదా."

పరిశీలకురాలు ఆవిడ వైపు చూసింది. "అద్దె పెరగలేదని మీకు తెలిసిపోయింది కదమ్మా. తెలిశాక కూడా పని మానుకుని ఎందుకు నిలబడ్డారు?"

"ఇవాళ పెరగలేదండీ. రేపు పెంచాల్సొస్తే? మమ్మల్ని అడక్కుండా పెంచకూడదని చెప్పడానికి."

"అది సమావేశంలో చెప్పొచ్చుగా? నెలనెలా జరుగుతోందిగా?"

"దానికి నోటీసు పెట్టారండీ," అంది కండక్టరమ్మ. "రండమ్మా అని ఎవరూ పిలవలేదు."

నలభై ఇళ్ల వాళ్లూ తలలూపారు. కార్యదర్శి ఏడేళ్లుగా వెతుకుతున్న జవాబు అంత చిన్నదని ఆయనకు తెలియదు. పరిశీలకురాలు కాసేపు బోర్డు మీది నిబంధనల వంక చూస్తూ నిలబడింది. తరవాత సంచీ తెరిచి, అరచేతిలో ఇమిడే చిన్న అద్దం ఒకటి తీసి టైపిస్టు ముందు పెట్టింది.

"మాట్లాడాలంటే రసీదు ఉండాలట కదా. నాకూ ఒకటి రాసివ్వండి."

సమావేశం అక్కడికక్కడే మొదలైంది. మెట్లన్నీ నిండిపోయాయి. కూర్చోరాదన్న నోటీసు ఎవరి వీపుకో అంటుకుని పోయింది. నీళ్ల మోటారు గురించి, మేడమీద తాళం గురించి, ఎదుటి స్థలంలో కట్టబోయే ఇళ్లకు వంటగది కిటికీ ఎటు ఉండాలన్నదాని గురించి మధ్యాహ్నం ఒంటిగంట దాకా వాదించుకున్నారు. మోటారు మాట వచ్చినప్పుడు గానీ ఎవరికీ మేస్త్రి గుర్తుకు రాలేదు. బయటికి తీసి, టీ ఇచ్చి, బతిమాలి కూర్చోబెట్టారు. అతను టీ తాగి అడిగింది ఒక్కటే. "ఇంతకీ అద్దాలు మార్చాలా, వద్దా?" చేతులెత్తించి లెక్కపెట్టారు. మార్చాలన్నారు. ఆ భవనం చరిత్రలో అదే మొదటి తీర్మానం. రెండో తీర్మానం, ప్రూఫుల తాతయ్య చూడనిదే ఏ నోటీసూ అంటించరాదని. దానికి అందరికంటే ముందు చెయ్యెత్తింది టైపిస్టు.

పరిశీలకురాలు వెళ్లేముందు తన నివేదికలో రెండు పేజీలు చింపి సంచీలో వేసుకుంది. మూడు వారాల తరవాత ఉత్తరం వచ్చింది. ముప్ఫై ఇళ్లకూ నిధి ఒప్పుకుంది. కార్యదర్శి ఆ ఉత్తరాన్ని అంటించలేదు. అంతస్తు అంతస్తుకీ వెళ్లి, తలుపు తట్టి, నోటితో చెప్పాడు. నాలుగో అంతస్తుకు చేరేసరికి ఆయన గొంతు బొంగురుపోయింది గానీ, చెమట పట్టలేదు. ఉత్తరంలో రెండు తప్పులున్నాయని తాతయ్య చెప్పాడు. దిద్ది తిరిగి పంపుదామన్నాడు కూడా. నలుగురూ పట్టుకుని ఆపారు.

ఏడాదిన్నరకు ఎదుటి భవనం లేచింది. వదిన గారు రెండు గదుల ఇంటికి మారిన రోజు మిషనును కార్యదర్శే ఒక చివర పట్టుకుని వీధి దాటించాడు.

"ఇంకేమైనా కావాలా వదిన గారూ? మొహమాటపడకండి."

"ఏమీ వద్దు మరిది గారూ. చాలా చేశారు," అని ఆవిడ కాస్త ఆగింది. "ఆ ముందుగది అద్దం ఒక్కటి తీసుకోనా? వచ్చేవాళ్లకి అలవాటైపోయింది."

"ఎంతమాట! తీసుకోండి," అన్నాడు ఆయన. మిషను చప్పుడు లేని ఆ ఇంట్లో ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. పిల్లలిద్దరూ గోడ మీద పెన్సిలుతో కొలుచుకున్న ఎత్తుల గీతలు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

తెల్లవారాక ఆయన రేజరు పట్టుకుని, ఇన్నేళ్లకు మొదటిసారి, అద్దం ఇచ్చేసిన సంగతి మరిచి, దర్జాగా ముందుగదిలోకి వెళ్లి గోడ ముందు నిలబడ్డాడు. గోడకు మేకు ఉంది, మేకుకు స్టీలు గిన్నె మూత వేలాడుతోంది, దాని కింద భార్య చేతిరాతతో ఒక నోటీసు: "అద్దం అని ఉన్నచోటల్లా మూత అని చదువుకొనవలెను."